బట్టలుతికే సోదరి గొంతు

కాస్తెల్‌రివా, సాంత యుఫ్రోసినా మఠం
1627 మార్చి 11

చెల్లీ ఒర్తెన్సియా,

ఈ ఉత్తరం గుడ్లమ్మే ఆమె బుట్ట అడుగున పెట్టి పంపుతున్నాను. మఠం పెద్ద అయిన పెద్దతల్లి చదివి ముద్ర వేసే ఉత్తరాల్లో నేను క్షేమం, నువ్వు క్షేమమా అన్న మాటలు తప్ప ఇంకేం రాయగలను? ఈ గోడల మధ్యకు వచ్చి పన్నెండేళ్ళయింది. నీకు చెప్పి తీరాలనిపించే సంగతి ఇక్కడ జరిగి చాలాకాలమైంది. మొన్న జరిగింది.

వారం రోజులుగా నది మీది పొగమంచు లేవడం లేదు. మధ్యాహ్నమైనా తోట చివరి గోడ కనపడదు. పడవలవాళ్ళు ఒకరినొకరు గుద్దుకోకుండా కేకలు వేసుకుంటూ పోతుంటే, ఆ కేకలు మా తోటలోంచే వస్తున్నట్టుంటాయి. మొన్న బలిపీఠం మీది గుడ్డ వెతుక్కుంటూ బట్టలుతికే గది వైపు వెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయాను. లోపల ఎవరో మగమనిషి పాడుతున్నాడు.

భయపడ్డాను, అబద్ధమెందుకు. మంచులో దారి తప్పిన పడవవాడెవడో గోడ దూకి వచ్చాడనుకున్నాను. కానీ వినపడుతున్నది మా సాయంప్రార్థన. అది కూడా మేం పాడే వరస కాదు. దాని కింద పునాదిలా ఉండాల్సిన వరస, ఆడవాళ్ళ మఠంలో ఎవరికీ అందదని ఎప్పుడూ ఆర్గాన్ వాద్యం గొట్టాలకి వదిలేసేది. ఆవిరిలోకి నాలుగడుగులు వేసి చూస్తే బ్రిజిద. ఒక్కతే నిలబడి దుప్పటి పిండుతోంది.

బ్రిజిద గురించి నీకెప్పుడూ రాయలేదు. రాయడానికేముందిలే అనుకున్నాను. అరవై దాటిన మనిషి. చదువు రాదు. నలభై ఏళ్ళుగా మా అందరి బట్టలూ ఉతుకుతోంది. ఎవరు పలకరించినా గుసగుసగా జవాబు చెప్పి తప్పుకుంటుంది. గొంతుకేదో జబ్బని అనుకునేవాళ్ళం.

నన్ను చూడగానే దుప్పటి వదిలేసి తడిచేత్తో నోరు మూసుకుంది. ఇంకోసారి పాడమని బతిమాలాను.

"నేనేం పాడలేదమ్మగారూ. కాగులో నీళ్ళు మరిగాయి," అంది.

"నీళ్ళు లాటిన్‌లో మరుగుతాయా, బ్రిజిదమ్మా?"

తల వంచుకుంది. ఆ వంచిన తల అంగీకారమే అనుకుని మర్నాడే ఒక కీర్తన కట్టడానికి కూర్చున్నాను. చిన్నదే. మూడు గొంతులకు, వెనక ఆర్గాన్. తెల్లవారకముందే సుగంధద్రవ్యాలు పట్టుకుని క్రీస్తు సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలవి పై రెండు గొంతులూ. ఆయన ఇక్కడ లేడని వాళ్ళకు చెప్పే దేవదూతది కింది గొంతు. ఇలాంటిదొకటి కట్టాలని ఎన్నాళ్ళనుంచో ఉన్నా, మా దగ్గర దేవదూతకు గొంతు లేక ఊరుకున్నాను.

ఆ కీర్తన నకలొకటి నీకు పంపుతున్నాను. ఇది నీకే, ఇంకెవరికీ ఇవ్వకు. పై గొంతు నీకు సరిపోతుంది. రెండోది నేను పాడుతున్నానని ఊహించుకో.

అంజొలెతకు పళ్ళెన్ని వచ్చాయి? నడక వచ్చిందా? జ్ఞానతల్లినని పేరే గానీ దాని మొహం ఇంతవరకు చూడలేదు. దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ రాయి.

నీ అక్క,
దొరొతెయా


వెనిస్
1627 మే 3

అక్కా,

నీ కీర్తన చేరింది. బుట్టలో గుడ్డు పగిలినట్టుంది, మొదటి కాగితం మీద పసుపు మరక పడింది. స్వరాలకేం కాలేదు.

మీ మరిది దాన్ని దీపం దగ్గర పెట్టుకుని మూడుసార్లు చదివాడు. రోజంతా అచ్చుశాలలో సీసపు స్వరాలు కూర్చి వచ్చిన మనిషి, ఇంటికొచ్చాక స్వరం మొహం చూడనంటాడు. అలాంటివాడు మూడుసార్లు చదివాడంటే నువ్వే ఊహించుకో. కింది గొంతు తనే పాడతానని పట్టుబట్టాడు. ఆయన గొంతు సంగతి నీకు తెలుసుగా, చిల్లు పడిన ఇత్తడి బిందెని మెట్ల మీద దొర్లించినట్టుంటుంది. కింద వాటాలో చేపలమ్మే జనేవ్ర ఏమైందోనని పైకి పరుగెత్తుకొచ్చింది. "దేవదూత పాడుతున్నాడమ్మా," అని ఆయన చెప్తే, "అయితే ఆయన్ని కాస్త మందు పుచ్చుకోమను నాయనా," అని దిగిపోయింది.

అక్కా, ఆ బ్రిజిద నిజంగా అంత కిందికి దిగుతుందా? ఆయన నమ్మడం లేదు. ఆడమనిషికి అది సాధ్యం కాదంటాడు. మా అక్క అబద్ధాలు రాయదని చెప్పాను.

పాప గురించి అడిగావు. ఉయ్యాల కిటికీ పక్కకు మార్చాను. సాయంత్రంపూట కాలువ మీది వెలుతురు పైకప్పు మీదికి ఎక్కి కదులుతూ ఉంటుంది. నేను ఉయ్యాల పక్కన కూర్చుని పై గొంతు పాడుకుంటాను. సన్నగా, ఎవరికీ వినపడకుండా. పాట అయిపోయేసరికి వెలుతురు కూడా పోతుంది. అప్పుడు లేచి వంట చూసుకుంటాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి.

నీ చెల్లెలు,
ఒర్తెన్సియా


కాస్తెల్‌రివా
1627 సెప్టెంబరు 20

చెల్లీ,

పాడాం. మేరీమాత పుట్టినరోజు పండుగకు, బయటి గుడి నిండా జనం ఉండగా పాడాం. ఈస్టరు పాట సెప్టెంబరులో ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. ఎవరూ అడగలేదు.

పెద్దతల్లి ఒప్పుకుంది. ఆమెకు సంగీతమంటే ప్రాణం, బయటికి చెప్పదంతే. ఒప్పుకోనిది పెర్పెతువా. ఇక్కడ పై గొంతు ఆమెదే. నలభై ఏళ్ళ మనిషి, వాళ్ళ తాతకు రెండు కోటలు ఉండేవని ఇప్పటికీ చెబుతుంది. బట్టలుతికే ఆమె పక్కన తాను నిలబడాలా అని మూడు రోజులు భోజనానికి ఆలస్యంగా వచ్చింది. నాలుగో రోజు బ్రిజిద పాడగా వింది. మర్నాడు తన తేనె సీసా తెచ్చి బ్రిజిద ముందు పెట్టింది.

బ్రిజిదకు స్వరాలు చదవడం రాదు. నేను ఒక్కో పంక్తి పాడితే విని పట్టుకుంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో భుజం మీద తట్టి చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి తట్టడం అక్కర్లేకపోయింది. పై గొంతులు ఎటు పోతే ఆమె కింద అటు నడిచి వస్తుంది, చీకట్లో మెట్లు దిగేవాళ్ళకు కింద చెయ్యి పట్టుకున్నట్టు.

తన కథ ఒకరోజు ఇస్త్రీ చేస్తూ చెప్పింది. తండ్రి మా రేవులో పడవ దాటించేవాడట. పన్నెండేళ్ళప్పుడు ఈమె గొంతు మగపిల్లల గొంతులా దిగిపోయింది. తండ్రికి అదొక వినోదమైంది. పడవెక్కినవాళ్ళందరి ముందు, "మా వాడి గొంతు వినండి," అని మాట్లాడించేవాడట. మా వాడు అనేవాడట, అక్కడ అందరూ నవ్వేవాళ్ళట. పద్దెనిమిదో ఏట నోరు కట్టేసుకుని ఇక్కడికి వచ్చింది. నలభైయేళ్ళ పైన గుసగుసలే. పాడాలనిపిస్తే కాగు మరిగే చప్పుడులో పాడుకునేది.

పండుగనాడు మేం కటకటాల వెనక, తెర వెనక ఉన్నాం. బయటివాళ్ళకు మేం కనపడం. దేవదూత మాట మొదలవగానే అవతల దగ్గులు ఆగిపోయాయి, కుర్చీల కిరకిరలు ఆగిపోయాయి. నది మీద పోతున్న పడవలవాళ్ళు తెడ్లు ఎత్తేసి నిలబడిపోయారని గుడ్లమ్మే ఆమె చెప్పింది. ఆమె చెప్పిన ఇంకో సంగతి విని బ్రిజిద నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. మఠంలో ఒక మగవాణ్ణి దాచిపెట్టామని ఊళ్ళో అనుకుంటున్నారట. మాంతువా నుంచి పారిపోయి వచ్చిన గాయకుడని మంగలి ఒట్టేసి చెబుతున్నాడట, గడ్డం రంగుతో సహా.

పాప గురించి నువ్వు రాసింది ఉయ్యాల గురించి. పాప గురించి రాయి.

నీ అక్క,
దొరొతెయా


వెనిస్
1627 నవంబరు 24

అక్కా,

ఈసారి చిన్న ఉత్తరం. చేతులు చల్లబడి కలం పట్టు దొరకడం లేదు. కాలువల్లో నీళ్ళు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాయి. కింద జనేవ్ర బుట్టల్లోని చేపలు రెండు మళ్ళీ ఈదుకుంటూ పోయాయని ఇంటింటికీ చెప్పుకుని ఏడ్చింది.

అందరం బాగున్నాం. నీ కీర్తన ఇప్పటికీ పాడుకుంటున్నాను.

ఒక మాట. ఎప్పుడైనా ఆ పాట నీకు తెలియనివాళ్ళ చేతికి పోతే నువ్వు కోపగించుకుంటావా? ఊరికే అడుగుతున్నాను. జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నీ ఒర్తెన్సియా


కాస్తెల్‌రివా
1628 ఫిబ్రవరి 16

ఒర్తెన్సియా,

పోయిన బుధవారం బిషప్పుగారి ప్రతినిధి వచ్చాడు. వెంట ఒక లేఖకుడు, ఒక వైద్యుడు, ఇద్దరు భటులు. మగవాళ్ళు లోపలికి రావడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. మమ్మల్ని వరసగా నిలబెట్టి గదులన్నీ వెతికారు. మంచాల కింద, పిండిగాదెలో, ద్రాక్షసారా పీపాల వెనక. ఒక భటుడు ఊరగాయ జాడీ మూత కూడా తీశాడు. "సన్నటి మనిషైతే పట్టొచ్చు," అంది పెర్పెతువా. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ప్రతినిధి బల్ల మీద నాలుగు చిన్న పుస్తకాలు పెట్టాడు. వెనిస్‌లో అచ్చయినవి, ఒక్కో గొంతుకు ఒకటి, ఆర్గాన్‌కి ఒకటి. వాటిలో కింది గొంతు పుస్తకం తీసి చివరి పేజీ తెరిచి నా వైపు తిప్పాడు. నా కీర్తన. ఒక్క స్వరం తేడా లేదు. పైన మా మఠం పేరు.

"ఊళ్ళో పుకారంటే నమ్మలేదు. ఇది అచ్చులో ఉంది. ఈ గొంతు ఎవరిది?" అని అడిగాడు.

గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గొంతు ఎవరిదైతే వాళ్ళు ముందుకొచ్చి పాడి వినిపించాలనీ, వైద్యుడు గొంతు పరీక్షించి ఆడమనిషే అని కాగితం రాస్తాడనీ, దాంతో అయిపోతుందనీ చెప్పాడు. బ్రిజిద నా వెనక నిలబడి ఉంది. వైద్యుడన్న మాట వినగానే ఆమె వేళ్ళు నా ముసుగు అంచు పట్టుకున్నాయి. పడవ మీద నిలబెట్టి మాట్లాడించిన తండ్రి నాకు గుర్తొచ్చాడు.

"ఎవరిదీ కాదండీ. అది ఆర్గాన్‌లో ఉన్న పెద్ద చెక్కగొట్టం. అచ్చువాళ్ళు తెలియక గొంతని వేశారు," అన్నాను.

"జనం విన్నది గొట్టాన్నా?"

"గొట్టాన్నే."

ఆయన పుస్తకం మూశాడు. నమ్మాడో లేదో తెలియదు. ఇకమీదట గొట్టాన్నే వాయించమన్నాడు. మనిషి గొంతు వినపడిన రోజున ఈ మఠంలో పాటే ఉండదని చెప్పి పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నా ముసుగు మీది వేళ్ళు ఎప్పుడు వదిలాయో గమనించలేదు. వెనక్కి తిరిగేసరికి బ్రిజిద లేదు.

నిన్ను ఒక్క మాట అడుగుతాను. నేను రాసిన ప్రతులు రెండే. ఒకటి నా దగ్గరే ఉంది.

దొరొతెయా


వెనిస్
1628 మార్చి 6

అక్కా,

రెండోది అచ్చుకిచ్చింది నేనే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఇది అర్థం కాదు. అంజొలెత లేదు. పోయిన క్రిస్మస్‌కి కాదు, అంతకుముందు క్రిస్మస్‌కి తొమ్మిది రోజుల ముందు పోయింది. నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజు పొద్దున ఒళ్ళు చల్లబడింది, తగ్గిందనుకుని నేను సంతోషపడ్డాను. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే మూడు నెలలు.

ఉయ్యాల పక్కన కూర్చుని పాడుతున్నానని రాశాను. అది నిజమే. ఉయ్యాలలో ఎవరూ లేరని మాత్రం రాయలేదు.

నీకు చెప్పకూడదని కాదు. ప్రతిసారీ మొదటి పంక్తిలోనే రాద్దామని కూర్చునేదాన్ని. కానీ నువ్వు అడుగుతావు కదా, పళ్ళెన్ని వచ్చాయి, నడుస్తోందా అని. నీ ఉత్తరాల్లో దానికి ఇంకా పళ్ళు వస్తున్నాయి. లోకం మొత్తంలో అక్కడొక్కచోటే అది పెరుగుతోంది. అదొక్కటీ నా చేత్తో నేను ఆపలేకపోయాను.

పాట గురించి. ఆయన పనిచేసే చోట నలుగురైదుగురి కీర్తనలు కలిపి ఒక సంపుటం వేస్తున్నారు. చివరి అచ్చుకాగితంలో మూడు పేజీలు ఖాళీగా మిగిలాయి. మూడు గొంతులకు చిన్న పాటేదైనా దొరికితే బాగుండునని యజమాని అన్నాడట. ఇంటికొచ్చి ఊరికే చెప్పాడు. నేను లేచి వెళ్ళి నీ కాగితాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "మీ అక్క ఇవ్వొద్దంది కదా," అన్నాడు. ఒప్పుకుందని చెప్పాను. ఆయన తప్పు లేదు.

ఎందుకిచ్చానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పాటలో దేవదూత 'ఆయన ఇక్కడ లేడు' అనే చోటికి వచ్చేసరికి రోజూ నా గొంతు ఆగిపోయేది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి. అలా ఆర్నెల్లు ఆ పాటతోనే ఉన్నాను. కాగితం మడతల దగ్గర చిరగడం మొదలైంది. ఇది కూడా పోతుందని భయమేసింది. సీసంలో కూర్చి అయిదువందల ప్రతులు వేస్తే పోదు కదా అనిపించింది. మఠం పేరు వేయమన్నదీ నేనే. నువ్వు చూసి ఆనందిస్తావనుకున్నాను. బ్రిజిద గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె నాకు నీ ఉత్తరంలోని మనిషి, అంతే.

బిషప్పుగారికి నేనే రాసి తప్పు ఒప్పుకోనా? నువ్వు ఏమంటే అది చేస్తాను.

ఒర్తెన్సియా


కాస్తెల్‌రివా
1628 మే 2

నా చిన్న చెల్లీ,

నీ ఉత్తరం చదివి చాలారోజులు జవాబు రాయలేకపోయాను. నీ మీద కోపంతో కాదు. కోపం వచ్చిన మాట నిజం, మొదటి పంక్తి దాకా ఉంది. పాప పేరు ప్రార్థనలో పోయినవాళ్ళ వరసలోకి మార్చి చదవాలి. రెండుసార్లు పొరపాటున బతికున్నవాళ్ళ వరసలోనే చదివేశాను. మూడోసారి సరిగ్గా చదివాను. చదివి, బయటికి పోయి తోటలో నిలబడ్డాను.

బిషప్పుగారికి ఏమీ రాయకు. ఇక్కడ జరగాల్సినవన్నీ జరిగిపోయాయి.

ఆ విచారణ అయిన మూడో రోజున బ్రిజిద నా గదికి వచ్చింది. గుసగుసగా కాదు, సొంత గొంతుతో మాట్లాడింది. ఎప్పుడూ అమ్మగారూ, మీరూ అనే మనిషి మొదటిసారి నన్ను నువ్వు అంది.

"నువ్వు నన్ను గొట్టమన్నావు."

ఆమెను కాపాడాలనే అన్నానని చెప్పాను.

"నలభై ఏళ్ళు నన్ను నేను దాచుకున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు, దానికి నీ సాయం అక్కర్లేదు. నువ్వు నాచేత పాడించావు. పాడించినదానివి మళ్ళీ తీసుకుపోయి గొట్టంలో పెట్టావు."

 నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఈస్టరు రోజున ప్రతినిధి బయటి గుడిలో ముందు వరసలో కూర్చున్నాడు. నేనూ పెర్పెతువా పై గొంతులు పాడుతున్నాం. దేవదూత మాట వచ్చినప్పుడు నేను ఎడమచేత్తో ఆ చెక్కగొట్టం మోగించాలి. చెయ్యి మీట మీద పెట్టాను. తలుపు తెరుచుకుంది. బ్రిజిద ఉతికే గదినుంచి తిన్నగా వచ్చింది, చేతులు మోచేతుల దాకా తడి, నడుముకు సంచిగుడ్డ. నా ఎడమచెయ్యి మీటల మీదినుంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, పాడింది.

ఆ రోజు ఎలా పాడిందని అడగకు. కలలో విన్నట్టుంది. మా కిటికీ అద్దాల్లోంచి పడుతున్న ఎండ కూడా ఆ గొంతు మీద ఆనుకుని నిలబడిందనిపించింది.

పాట అయ్యాక ప్రతినిధి లేచి కటకటాల దగ్గరికి వచ్చి ఎవరని అడిగాడు.

"బ్రిజిదనండీ. బట్టలుతుకుతాను. గొట్టాన్ని కాదు," అంది.

తెర తీయించి చూశాడు. ముసలి ముఖం, ముడతలు పడిన వేళ్ళు. అవతల జనంలోంచి ఒక ముసలి పడవవాడు లేచి, అది రేవులో పడవ దాటించిన బస్తియానో కూతురి గొంతనీ, చిన్నప్పుడు ఆ పిల్ల పిలిస్తే ఏటి అవతలి గట్టుకు వినపడేదనీ సాక్ష్యం చెప్పాడు. వైద్యుడి అవసరం లేకపోయింది. ప్రతినిధి ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. తల కాస్త వంచి వెళ్ళాడు.

నా అబద్ధం మాత్రం మిగిలింది కదా. దానికి శిక్ష న్యాయంగానే పడింది. ఏడాదిపాటు గుడిలో పాట లేదు. ఆర్గాన్‌కి తాళం వేశారు. గాయకుల పెద్దరికం నానుంచి తీసేశారు. సందర్శకుల గదికి నేను ఏడాది వెళ్ళకూడదు. శుక్రవారాలు నేల మీద కూర్చుని రొట్టె తినాలి. ఇవిగాక నన్ను బట్టలుతికే పనికి వేశారు.

కాబట్టి ఇప్పుడు బ్రిజిద నా యజమానురాలు. దుప్పటి పిండడం నాకు చేతకాదని రోజుకు పదిసార్లు చెబుతుంది. మళ్ళీ మీరు అంటోంది, అది చూసి క్షమించిందనుకుంటున్నాను. గుడిలో పాడొద్దన్నారు గానీ ఉతికేటప్పుడు పాడొద్దని ఎవరూ అనలేదని మొన్న తేల్చి చెప్పింది. ఇద్దరం పాడుకుంటున్నాం. పెర్పెతువాకు భయం, రాదు. పై గొంతు లేకుండానే, దాని చోటు దానికి వదిలేసి పాడుతున్నాం.

నీ అక్క,
దొరొతెయా


కాస్తెల్‌రివా, రేవు దగ్గరి సత్రం
1628 జూన్ 13

అక్కా,

నేను ఇక్కడే ఉన్నాను. నీ ఊళ్ళో. చెప్పకుండా వచ్చాను, చెబితే వద్దంటావని.

మఠం గుమ్మం దగ్గర సోదరి మంచిదే. నీ పేరు చెప్పగానే ముఖం వాడిపోయింది. ఏడాది అయ్యాక రమ్మంది. వెనిస్ నుంచి పడవలో అయిదు రోజులు వచ్చానని చెప్పాను. కళ్ళు తుడుచుకుంది గానీ తలుపు తీయలేదు.

మీ మరిది అచ్చుశాలలో సెలవు దొరక్క రాలేదు. వెళ్ళిరా, కానీ మీ అక్కను ఏడిపించకు అన్నాడు. నా పడవ రేపు మధ్యాహ్నం. సత్రం యజమానురాలు చెప్పింది, రేవుకు పైన విల్లో చెట్లు దాటాక మఠం వెనక గోడ ఉందట, పొద్దునపూట పడవలవాళ్ళు అక్కడికొచ్చేసరికి మెల్లగా పోతారట. ఎందుకని నేను అడగలేదు. రేపు అక్కడికి వెళ్ళి నిలబడతాను. ఈ ఉత్తరం గుడ్లామెకు ఇస్తున్నాను. నీకు పొద్దున్నే అందితే గోడ దగ్గరికి రా.

ఒర్తెన్సియా


కాస్తెల్‌రివా
1628 జూన్ 17

చెల్లీ,

నీ ఉత్తరం నిన్న అందింది. గుడ్లామె కూతురికి పురుడు వచ్చి రెండు రోజులు రాలేదట. కాబట్టి ఆ రోజు నువ్వు అక్కడికి వస్తావని మాకు ముందుగా తెలియదు. నువ్వు అవతలినుంచి ఏం విన్నావో నాకు తెలియదు. ఇవతల జరిగింది రాస్తాను.

ఎండ బాగా ఉంది. తలుపులు తెరిచిపెట్టి, దుప్పట్లు పెరట్లో ఆరేశాం. నది నుంచి గాలి వస్తే అవి తెరచాపల్లా నిండి మళ్ళీ వాలుతున్నాయి. బ్రిజిద కాగు దగ్గర, నేను తొట్టి దగ్గర. ఎప్పటిలాగే ఆ పాట అందుకున్నాం. రెండో పంక్తిలో, పైన ఖాళీగా ఉండాల్సిన చోట ఒక గొంతు వచ్చింది.

మొదట పెర్పెతువా అనుకున్నాను. కాదు. పదమూడేళ్ళైనా నీ గొంతు నాకు తెలియదా? చేతిలో బట్ట వదిలేసి గోడ దగ్గరికి పరుగెత్తబోయాను. బ్రిజిద నా చెయ్యి పట్టుకుంది. పాడుతూనే తల అడ్డంగా ఊపింది. పాట మధ్యలో పోకూడదు. నిలబడ్డాను. నా వరస నేను పాడాను. గోడ ఎత్తు తెలుసుగా, దాని మీదుగా నువ్వు వస్తున్నావు, దుప్పట్ల మధ్యనుంచి వస్తున్నావు. ఎక్కడినుంచి వస్తున్నావో తెలియడం లేదు.

దేవదూత మాట వచ్చింది. బ్రిజిద పాడింది. దాని మీద నువ్వు అందుకోవాలి. అందుకోలేదు.

బ్రిజిద స్వరం వదల్లేదు. ఊపిరి అయ్యేదాకా దాని మీదే ఉంది. నన్ను చూసి కనుబొమ్మలు ఎత్తింది. అర్థమై, అదే స్వరం నాకు అందిన స్థాయిలో నేను పట్టుకున్నాను. ఆ సందులో ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"ఎవరమ్మా ఆ పిల్ల?"

నేను పాడుతూ ఎలా చెప్పను? కళ్ళనీళ్ళు కారుతుంటే చూసి తనే తెలుసుకుంది.

"ఏడుస్తోంది. ఏడవనివ్వండి. మనం ఇక్కడే ఉందాం," అని మళ్ళీ కిందికి దిగి ఆ స్వరాన్ని అందుకుంది.

అలా ఒకరి తర్వాత ఒకరం. ఆమె ఊపిరి అయిపోతే నేను, నాది అయిపోతే ఆమె. ఎంతసేపో చెప్పలేను. కాగు కింద కట్టెలు కాలి ఆరిపోయాయి. నది మీద ఎవరో తెడ్డు వేస్తున్న చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. పెర్పెతువా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

నువ్వు మళ్ళీ వచ్చావు. మొదట గాలికి రెపరెపలాడినట్టు, తర్వాత నిలకడగా. ఆగిన చోటునుంచే అందుకున్నావు. చివరిదాకా పాడావు.

నీ అక్క,
దొరొతెయా